డీఎన్‌ఏ పద్ధతిలో పిండిమర

మా కమిషనర్ చక్రధరం గారు రాజధానికి శిక్షణకు వెళ్లేటప్పుడు మామూలు మనిషిగానే వెళ్లారు. అందుకు నేనే సాక్షిని, బస్సు ఎక్కించి వచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. తిరిగొచ్చేటప్పుడు మాత్రం చంకలో ఒక ప్లాస్టిక్ నిచ్చెన పెట్టుకుని దిగారు. మెలి తిరిగిన నిచ్చెన. రెండు కమ్మీలూ ఒకదాన్నొకటి చుట్టుకుని ఉన్నాయి, మధ్యలో రంగురంగుల మెట్లు. దాన్ని తిన్నగా ఆఫీసుకు తెచ్చి, ఇన్నాళ్లూ పిటిషన్లు పేర్చుకునే చోట, టేబుల్ మీద నిలబెట్టారు. పిటిషన్లు కింద నేల మీదికి దిగాయి.

నేను నందిమెట్ల మున్సిపాలిటీలో హెడ్ క్లర్కుని. పేరు సదాశివం. మా ఆఫీసు గురించి ఊళ్లో నానా మాటలు అంటారు. పని జరగదంటారు. అది శుద్ధ అబద్ధం. పని జరుగుతుంది. ఏ పని జరుగుతుందో ముందుగా చెప్పలేం, అంతే.

మర్నాడు కమిషనర్ గారు సిబ్బందినంతా మీటింగ్ హాల్లో కూర్చోబెట్టారు. నిచ్చెనను పిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకుని నిలబడ్డారు.

"మన ఒంట్లో కోటానుకోట్ల కణాలున్నాయి" అన్నారు. "ఏ కణంలోనూ సమ్మె లేదు. సెలవుచీటీ లేదు. పెండింగు లేదు. కారణం ఏమిటి? పరిపాలన."

తర్వాత ఆయన గంటకు పైగా చెప్పిందాంట్లో నాకు అర్థమైనంత వరకు సంగతి ఇది. ప్రతి కణంలోనూ కేంద్రకం అని ఒక గది ఉంటుంది. ఆ గదిలో డీఎన్‌ఏ ఉంటుంది. అంటే ఈ నిచ్చెనే. ఒళ్లు ఎట్లా కట్టాలి, ఎట్లా నడపాలి అన్న ఉత్తర్వులన్నీ దాని మీద నాలుగే అక్షరాలతో రాసి ఉంటాయి. ఎ అక్షరానికి ఎదురుగా టి, జి అక్షరానికి ఎదురుగా సి. ఈ జతలు తప్పవు. అందుకే ఒక పోగు పాడైపోయినా ఎదుటి పోగును చూసి మళ్లీ రాసుకోవచ్చు. ఈ డీఎన్‌ఏ గది దాటి బయటికి రాదు. పని పడినప్పుడు కావలసినంత ముక్కకు నకలు తీస్తారు. ఆ నకలు పేరు ఆర్‌ఎన్‌ఏ. నకలంటే ఉన్నది ఉన్నట్టు కాదు, ప్రతి అక్షరానికీ దాని జత అక్షరం రాస్తారు. పైగా టి రావలసిన చోట యు రాస్తారు. ఆ నకలు బయట ఉన్న రైబోజోమ్ అనే పనిశాలకు వెళ్తుంది. అక్కడి పనివాళ్లు మూడేసి అక్షరాలు చదివి, మళ్లీ జతలు చూసుకుని, ముక్క పక్కన ముక్క చేర్చి ప్రోటీన్ తయారుచేస్తారు. పని అయ్యాక నకలు కరిగిపోతుంది. మూలం మాత్రం గదిలో చెక్కుచెదరకుండా ఉంటుంది.

రికార్డు రూములో పనిచేసే ఒకాయన లేచి, ఈ డీఎన్‌ఏ మొత్తం పనిచేస్తుందా సార్ అని వినయంగా అడిగాడు.

కమిషనర్ గారు నిజాయితీపరులు. ప్రోటీన్ కోసం పనికొచ్చేది చాలా కొద్ది భాగమేనని, మిగతా దాంట్లో చాలావరకు ఎందుకుందో శాస్త్రజ్ఞులకే పూర్తిగా తెలియదని, అయినా తరతరాలుగా దాన్ని భద్రంగా కాపాడుకుంటూ వస్తున్నారని చెప్పారు. హాలు చప్పట్లతో మోగిపోయింది. మావాళ్లకు సైన్సు మీద గౌరవం పుట్టింది అప్పుడే. ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్‌లో ఇద్దరికి కళ్లు కూడా చెమర్చాయి.

ఆ వారంలోనే డీఎన్‌ఏ పద్ధతి అమల్లోకి వచ్చింది. కమిషనర్ గారి గది తలుపు మీద 'కేంద్రకం' అని బోర్డు పెట్టారు. పార, గడ్డపార, జేసీబీ ఉండే వెనకాల రేకుల షెడ్డు మీద పెయింటర్ 'రైబోజోమ్' అని రాసి, అలవాటు కొద్దీ కింద 'ఇచ్చట మూత్రము పోయరాదు' అని కూడా రాశాడు. ఉత్తర్వు మూలం కేంద్రకం దాటకూడదు. నకలు మాత్రమే షెడ్డుకు వెళ్లాలి. నకలులో ప్రతి మాటకూ దాని జత మాట రాయాలి. తూర్పుకు పడమర, కట్టడానికి పడగొట్టడం, ఇవ్వడానికి ఆపడం. వీధిలో ఒక ఇంటికి జత దాని ఎదురిల్లు. మూలంలో 'మరియు' అని ఉంటే నకలులో 'ఇంకా' అని రాయాలి, ఏది మూలమో ఏది నకలో చూడగానే తెలియడానికి. షెడ్డులో మేస్త్రీ యేసోబు జతల పట్టిక చూసి నకలును మళ్లీ తిప్పుకుని పని చేయించాలి. పని కాగానే నకలు చించేయాలి.

రెండుసార్లు తిప్పితే ఎక్కడిది అక్కడికే వస్తుంది గదా సార్, తిప్పడం దేనికి అని నేను అడిగాను. లక్షల కోట్ల కణాలు అడగని ప్రశ్న మీరు అడుగుతున్నారు సదాశివం గారూ అన్నారు. నేను కూర్చున్నాను.

నాకు మనసు కష్టమైంది మరో చోట. నకలు బయటికి వెళ్లేముందు అందులో పనికిరాని ముక్కల్ని కత్తిరించి, పనికొచ్చేవి అతికించాలట, కణంలోనూ అంతేనట. 'పై విషయమును పురస్కరించుకొని తమ దృష్టికి సవినయముగా తీసుకొని రావడమేమనగా' అని నేను ముప్పై ఏళ్లుగా రాస్తూ వచ్చిన వాక్యం మొదటి కత్తెరకే పోయింది. పోనీలే అనుకున్నాను. మూలంలో ఉంటుంది గదా.

ఈ పద్ధతిలో మొట్టమొదటి ఉత్తర్వు పేరంటాలమ్మ పిటిషన్ మీద వచ్చింది.

పేరంటాలమ్మది కొలిమి వీధిలో పడమర వరసలో పిండిమర. ఊళ్లో సగం ఇళ్ల బియ్యప్పిండి, గోధుమపిండి ఆవిడ చేతి మీదుగానే వస్తాయి. మా ఇంట్లో ఆదివారం అట్లకు పిండి అక్కడిదే. మొగుడు పోయాక ఆవిడే మరకు బెల్టు మార్చుకోవడం, రాళ్లకు గంట్లు కొట్టుకోవడం నేర్చుకుంది. చాలా పాత మర. కాళ్లు నేలలోకి దించి సిమెంటు పోశారు. ఒకసారి పెకలిస్తే మళ్లీ నిలబడదని మెకానిక్కు చెప్పాడట. అది తప్ప ఆవిడకు ఇంకో ఆధారం లేదు. ఆ మరకు సరిగ్గా ఎదురుగా, తూర్పు వరసలో, మున్సిపాలిటీ వారి పాత ఎరువుల గోడౌన్ ఉంది. దాని గోడ వీధి మీదికి వాలిపోయింది. డబ్బాలు పట్టుకుని వరసలో నిలబడే ఆడవాళ్ల మీద ఏ రోజు పడుతుందోనని ఆవిడ భయం. దాన్ని పడగొట్టించమని పిటిషన్ ఇచ్చింది.

కమిషనర్ గారు మూలం రాశారు: తూర్పు వరసలోని గోడౌన్ పడగొట్టవలెను. నకలు తయారైంది: పడమర వరసలోని పిండిమర కట్టవలెను. యేసోబు దాన్ని తిప్పుకుంటే గోడౌన్ పడగొట్టమని వచ్చేది. అంతా సవ్యంగా జరిగిపోయేదే. కానీ ఆ ఉదయమే కమిషనర్ గారికి కణంలో సరిచూసే ఎంజైమ్ కూడా ఉంటుందని గుర్తొచ్చింది. సరిచూసే అధికారిగా మా జూనియర్ ఇంజనీరు త్రినాథ్‌ను వేశారు.

త్రినాథ్ మంచివాడు. బిల్లుల్లో తప్పులు పట్టడానికే పుట్టినవాడు. అతను మూలాన్నీ నకలునూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. మూలంలో తూర్పు, నకలులో పడమర. మూలంలో గోడౌన్, నకలులో పిండిమర. మూలంలో పడగొట్టడం, నకలులో కట్టడం. ఒకే కాగితంలో ఇన్ని తప్పులు దొరకడం అతని సర్వీసులో అదే మొదటిసారి. ఎర్ర పెన్ను తీసి అన్నీ దిద్ది, మూలంతో అక్షరం అక్షరం సరిపోయేలా చేసి, సంతకం పెట్టి షెడ్డుకు పంపాడు. యేసోబు తన పట్టిక చూసి దాన్ని నిష్ఠగా తిప్పాడు. పడమర వరసలో పిండిమర కట్టవలెను అని వచ్చింది.

యేసోబు వెళ్లి చూశాడు. అక్కడ పిండిమర ముందే ఉంది. ఉన్నచోట మళ్లీ కట్టాలంటే ముందు స్థలం ఖాళీ చేయాలి. గోడ మీద ఎర్ర రంగుతో గుణకారం గుర్తు వేసి, శుక్రవారం జేసీబీ మిషను వస్తుంది, సామాను సర్దుకో అమ్మా అని చెప్పి వచ్చాడు. పని అప్పజెప్పేసినట్టే లెక్క గనక నకలు చించేశాడు.

పేరంటాలమ్మ పిండి చేతులతోనే ఆఫీసుకు వచ్చింది. నేనే కేంద్రకంలోకి తీసుకెళ్లాను.

"అయ్యా, నేను ఎదురుగోడ తీసెయ్యమని గదా అర్జీ ఇచ్చా. నా మర తీసేస్తామంటారేంది?"

కమిషనర్ గారు ఆవిడను కూర్చోమన్నారు. మూలం తెప్పించి చదివి వినిపించారు. అందులో గోడౌన్ పడగొట్టమనే ఉంది. మీ పిండిమర పడగొట్టాలన్న ఉత్తర్వు ఈ కార్యాలయం జారీ చేయలేదు, చేయని ఉత్తర్వును రద్దుచేసే అధికారం నాకు లేదు అన్నారు. మరి మిషను వస్తుందంటున్నారే అని ఆవిడ. వచ్చేది నకలు మీద, ఆ నకలు తెచ్చి చూపిస్తే పరిశీలిస్తాను అని ఈయన. నకలు చించేశారు. చించేయడమే రూలు.

పొరపాటు త్రినాథ్ దిద్దుబాటులో ఉందని నేను మెల్లిగా మనవి చేశాను.

"పొరపాటు అనకండి" అన్నారు కమిషనర్ గారు. "ఉత్పరివర్తనం అనండి, మ్యుటేషన్. అదే లేకపోతే మీరూ నేనూ ఇంకా చెట్ల మీదే ఉండేవాళ్లం."

త్రినాథ్‌కు ఆ నెలలో ప్రశంసాపత్రం ఇచ్చారు. ఇకమీదట ప్రతి నకలునూ అతనే దిద్దాలన్నారు. పేరంటాలమ్మకు ధైర్యం కూడా చెప్పారు. నిచ్చెన చూపించి, ఒక పోగు పోయినా భయం లేదమ్మా, ఎదుటి పోగు చూసి దీన్ని మళ్లీ కట్టుకోవచ్చు, ప్రకృతి ఏర్పాటు అది అన్నారు. ఆవిడ ఆ నిచ్చెన వంక కాసేపు చూసింది.

"ఎదురుగా ఉండేది గోడౌన్ గదయ్యా. దాన్ని చూసి పిండిమర ఎట్టా కడతారు?"

ఆయన గడియారం చూసుకున్నారు.

వరండాలో ఆవిడ గోడకు ఆనుకుని నిలబడింది. ఏడవలేదు. ఏడిస్తే నేనూ ఏదో రెండు మాటలు చెప్పి పంపేవాణ్ణి. చేతులకున్న పిండి చీర కొంగుతో తుడుచుకుంటూ, శుక్రవారం ఎన్ని గంటలకు వస్తారు సదాశివం గారూ, పొద్దున్నే అయితే లక్ష్మమ్మ గారి బియ్యం పట్టి ఇచ్చేస్తాను అంది. నాకు ఒళ్లు మండింది. ఎవరి మీదో చెప్పలేను, అందరి మీదా అనుకోండి. నా టేబుల్ దగ్గర కూర్చోబెట్టి ఒక తెల్లకాగితం తీశాను.

మా ఆఫీసులో ఇప్పుడు ఉత్తర్వు రెండుసార్లు కాదు, మూడుసార్లు తిరుగుతోంది, నకలులో ఒకసారి, త్రినాథ్ పెన్ను కింద ఒకసారి, షెడ్డులో ఒకసారి. కనుక ఏం కావాలో దానికి జత అడగాలి. ఈ సంగతి నాకు అంతకుముందే లెక్క కట్టగా తేలింది. ఆవిడకు విడమరిచి చెప్పాను. ఉన్న మరను కట్టించమని రాస్తే కేంద్రకంలోనే తిరగ్గొడతారు గనక, ఏం రాయాలో కూడా చెప్పాను.

"పడమర వరసలోని నా పిండిమరను పడగొట్టించవలసిందిగా కోరుతున్నాను."

ఆవిడ సంతకం పెట్టడానికి పెన్ను పట్టుకుని ఆగిపోయింది.

"నా చేత్తో నేనే ఎట్టా అడుగుతానయ్యా? నోటికి రాంది చేతికొస్తుందా?"

అడిగితేనే ఉంటుందమ్మా అన్నాను. వంకర అక్షరాలతో సంతకం చేసి, కాగితాన్ని కళ్లకద్దుకుని ఇచ్చింది.

ఆ పిటిషన్ మీద మూలం వచ్చింది: పడమర వరసలోని పిండిమర పడగొట్టవలెను. నకలు: తూర్పు వరసలోని గోడౌన్ కట్టవలెను. త్రినాథ్ అందులో అన్నీ తప్పులేనని దిద్ది, పిండిమర పడగొట్టమనే రాశాడు. యేసోబు తిప్పాడు, గోడౌన్ కట్టమని వచ్చింది. పాత నకలు చించేశాడు గనక అతని చేతిలో ఉన్నది ఇదొక్కటే, ఉన్నచోట కట్టాలంటే ముందు ఉన్నది తీయాలి. శుక్రవారం మిషను కొలిమి వీధికి వచ్చింది. పేరంటాలమ్మ గుమ్మంలో నిలబడి, నేను చెప్పినట్టే, పడగొట్టండి నాయనా అంది గొంతు వణుకుతూ. యేసోబు తల ఊపి, అటు తిరిగి, గోడౌన్ వాలుగోడ తీయించి కొత్త గోడ లేపించాడు. మర మరలాగే ఉంది. ఎదుటి గోడ భయమూ తీరింది. ఆదివారం మా ఇంటికి ఆవిడ డబ్బా నిండా బియ్యప్పిండి పంపింది.

ఇట్లాంటివి ఊళ్లో దాగవు. నెల తిరక్కుండా నందిమెట్ల జనానికి పద్ధతి పట్టుబడింది. మంచినీళ్లు రానివాళ్లు మా వీధికి నీళ్లు ఆపించండి మహాప్రభో అని ధర్నా చేశారు. వీధిదీపాలు లేని కాలనీవాళ్లు దీపాలు పీకేయమని సంతకాలు సేకరించారు. పింఛను కావలసిన ముసలివాళ్లు, మాకు పింఛను అక్కర్లేదు బాబూ, ఆపేయండి అని కర్రలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. అడిగినవాళ్లందరికీ నీళ్లు, దీపాలు, పింఛను వచ్చాయి. ఒక్క పంతులు గారు మాత్రం అబద్ధం రాయలేనని, తన వీధికి మురుగుకాలువ కట్టించమని ఉన్నమాట రాశారు. ఉన్న కాలువ కూడా పూడ్చేశారు.

పిటిషన్ల సారాంశం నెలనెలా పైకి వెళ్లేది. నందిమెట్ల ప్రజలు నీళ్లు, దీపాలు, పింఛన్లు ఏవీ వద్దంటున్నారని, రాష్ట్రంలో ఇంత తృప్తిగా ఉన్న జనం ఇంకెక్కడా లేరని పైవాళ్లు తేల్చారు. ఉత్తమ మున్సిపాలిటీ షీల్డు ఇచ్చారు. పద్ధతిని రాష్ట్రమంతటా విస్తరించడానికి చక్రధరం గారిని రాజధానికి పిలిపించుకున్నారు. ఆయన నిచ్చెనను చంకలో పెట్టుకుని, వచ్చినట్టే వెళ్లిపోయారు. బస్సు ఎక్కించి వచ్చాం.

ఆయన స్థానంలో నీరజ గారు వచ్చారు. తిన్నని మనిషి. కేంద్రకం బోర్డు చూసి, ఇదేమిటని అడిగారు. నేను చెప్పాను. చివరిదాకా విని, బోర్డు పీకించారు, త్రినాథ్ ఎర్ర పెన్ను లాక్కున్నారు, యేసోబు జతల పట్టిక చించించారు. నకళ్లు లేవు, తిప్పడాలు లేవు, ప్రజలు ఏం రాస్తే అదే చేద్దాం, అక్షరం మార్చకుండా అన్నారు. ముప్పై ఏళ్లలో ఒక అధికారి నోట అంత సబబైన మాట నేను వినలేదు. ఆ రోజు ఇంటికి వెళ్లి మా ఆవిడకు కూడా చెప్పాను.

మర్నాడు నీరజ గారు పెండింగు పని తిరగేశారు. నకళ్లన్నీ ఎప్పటికప్పుడు చించేశాం గాని, మూలాలు మాత్రం రూలు ప్రకారం చెక్కుచెదరకుండా ఉన్నాయి. అన్నిటికన్నా పైన కొలిమి వీధిది ఉంది.

"పిండిమర పడగొట్టాలని ఉత్తర్వు అయింది. మర ఇంకా అక్కడే ఉందట. ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు మీరంతా?"

"మేడమ్, ఆ మనిషి ఉద్దేశం అది కాదు."

"ఏమని రాసింది?"

"పడగొట్టించమని."

"సంతకం ఆమెదేనా?"

"ఆమెదే."

"చేతిరాత?"

"నాది మేడమ్."

ఆవిడ నా వంక చూసిన చూపు బతికున్నన్నాళ్లూ మరిచిపోలేను. ఒక ఒంటరి ఆడమనిషి రాతపూర్వకంగా మొరపెట్టుకుంటే ఇన్నాళ్లు తొక్కిపెట్టి, ఇప్పుడు దాని అర్థం కూడా తిప్పుతున్నారా అన్నారు. నేను ఎన్ని విధాల చెప్పబోయినా, ఇక తిప్పడాలు లేవని చెప్పానుగా అన్నదే జవాబు. యేసోబును పిలిచి ఉత్తర్వు స్వయంగా చేతికిచ్చారు.

నేను స్కూటర్ మీద పరుగున వెళ్లేసరికి మిషను అప్పటికే మర ముందు నిలబడి ఉంది. పేరంటాలమ్మ లోపల లక్ష్మమ్మ గారి గోధుమలు పోస్తోంది. మిషనును చూసి కంగారు పడలేదు. వరసలో ఉన్న ఆడవాళ్లతో, మీరు కదలబాకండమ్మా, వాళ్లు అట్టాగే వస్తారు, ఎదుటి గోడకు సున్నం వేసి పోతారు అంటోంది. నన్ను చూసి నవ్వింది, అంతా నాకు తెలుసులే అన్నట్టు. ఈసారి గొంతు వణకలేదు.

"రా నాయనా యేసోబూ. పడగొట్టు."

మిషను మీద కూర్చున్న యేసోబు లివర్ మీద చెయ్యి వేశాడు.

"ఆపు యేసోబూ" అన్నాను.

అతను చెయ్యి తీయకుండానే నా వైపు తిరిగాడు. నెలల తరబడి పాటించిన పద్ధతి, నిన్ననే వచ్చిన పద్ధతి, పాపం అతని బుర్రలో రెండూ ఉన్నాయి.

"ఈ మాట తిప్పుకోవాలా సారూ, ఉన్నదున్నట్టేనా?"

ఇంత కాలం తిప్పి చెప్పిన నా నోరు, ఏది చెబితే ఆగుతుందో ఒక్క క్షణం లెక్క కట్టుకుంది. ఆ క్షణంలో ఇనప చెయ్యి కిందికి దిగింది. ఆడవాళ్లు డబ్బాలు వదిలేసి పక్కకు పరిగెత్తారు. గోడ కూలి మర మీద పడింది. బెల్టు తెగి ఎగిరి వీధిలో పడింది. పేరంటాలమ్మ ఒళ్లంతా పిండితో తెల్లగా బయటికి వచ్చి నిలబడింది. మర వైపు చూడలేదు, నా వైపే చూసింది. ముఖం మీద ఆ నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు, దాన్ని ఏం చేయాలో తెలియనట్టు అట్లాగే ఉండిపోయింది.

సాయంత్రం నీరజ గారి ఆదేశం ప్రకారం రిజిస్టరులో ఎక్కించాను. పిటిషనరు కోరిక అక్షరం మారకుండా నెరవేర్చడమైనది. మా మున్సిపాలిటీ పుట్టినప్పటి నుంచి అట్లా జరగడం అదే మొదటిసారి.